ఏటిగట్టు పండ్లు, తపాలా బిళ్ళలు

కాళేశ్వరం వద్ద ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఒకే పానవట్టంపై వెలసిన రెండు లింగాలను దర్శించి వెనుదిరిగే యాత్రికులకు చుట్టూ ఉన్న అడవి అంతగా గుర్తుండదు. వేసవిలో తునికి, మొర్రి, తొలకరికి నేరేడు, చలికాలంలో ఉసిరి, పరికి, రేగు. ఏడాది పొడవునా చెయ్యిచాపిన వారికి లేదనని అడవి అది. మొన్న పాత తపాలా బిళ్ళల పెట్టె తెరిచినప్పుడు, వీటిలో ఎన్నింటికి ఆ చిన్న కాగితంపై చోటు దక్కిందో చూద్దామనిపించింది.

నిజాం రాజ్యం 1869లో సొంత బిళ్ళలు వెలువరించింది. 1950లో ఆ శాఖ భారత తపాలా శాఖలో కలిసేదాకా, రాజ్యంలో తిరిగే ఉత్తరాలపై అవే ఉండేవి. ఆవలిగట్టు సిరొంచ 1860 నుండి బ్రిటిషు పాలనలోనిది గనుక అక్కడ రాణి బొమ్మ, తరువాత రాజుల బొమ్మలు. రెండు గట్లపైనా అదే తెలుగు, అదే తునికిపండు. ఏరు దాటితే బిళ్ళ మాత్రం మారేది. నిజాం ప్రభుత్వం 1931 శ్రేణిలో చార్మినారును, హైకోర్టును, ఉస్మాన్ సాగరును, అజంతాను ముద్రించింది. ప్రభువు కట్టించినవీ, ప్రభువు ఏలుబడిలోనివీ కనిపించాయి గాని, ప్రజ కోసుకు తిన్నది కనిపించలేదు.

స్వతంత్ర భారతంలో 1967లో యాభై పైసల బిళ్ళపైకి మామిడి వచ్చింది. అది తోటల రాణి. 1981లో పూలచెట్ల శ్రేణిలో మోదుగ పూసింది. 2003లో ఉసిరికి పిలుపు వచ్చింది; అయితే గుగ్గులు, బ్రాహ్మి, అశ్వగంధల సరసన, ఔషధంగా. మందైతే తప్ప అడవిపండుకు మర్యాద లేదన్నమాట! తునికి, మొర్రి, పరికి బొమ్మలు నా పెట్టెలో లేవు.

ఇది అసాధ్యమైన కోరికేమీ కాదు. పోలెండు దేశం 1977లో అడవిపండ్ల పేరనే ఒక శ్రేణి వెలువరించి, పొదల్లో పిల్లలు వెదుక్కునే బ్లాక్‌బెర్రీ వంటివాటిని ఉత్తరాలకెక్కించింది. అంతదూరం ఎందుకు? సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ దొర స్థానిక చిత్రకారులచేత బొమ్మలు గీయించి, 1795లో లండనులో వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో మన తునికిని చేర్చాడు. కుంపిణీ వైద్యుడి కంటబడినది మనకు కనబడకపోవడం విచిత్రం.

తునికాకు మాటే వేరు. బీడీకి పనికివస్తుంది గనుక 1971 చట్టంతో దాని వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆకుకు కట్టల లెక్క ఉన్నది, ధర ఉన్నది. పండుకు పేరు తప్ప మరేమీ లేదు. ఆ పేరు కూడా నోటి నుండి నోటికి నడిచినంత కాలమే. ఒక తరం అడవికి వెళ్ళడం మానితే, మరుసటి తరం మొర్రిపండును చూసి "అదేదో పిచ్చికాయ" అంటుంది. సారపప్పు మాత్రం అంగట్లో కొని, అది ఆ పండు లోపలిదేనని ఎరుగక పాయసంలో వేస్తుంది.

ఉత్తరాలు తగ్గిన ఈ రోజుల్లో తపాలా బిళ్ళ ఎందుకని మీరడగవచ్చు. బొమ్మ కింద పేరు అచ్చుపడితే, పదిమంది ఆ పేరు చదువుతారు. నాకు కావలసింది అదే. ఆల్బములో ఉసిరి పక్కన మూడు గళ్ళు ఖాళీగా ఉంచి, వాటి కింద తునికి, మొర్రి, పరికి అని సిరాతో రాసిపెట్టాను. మీ ఊరి అడవిపండ్ల పేర్లు తెలియజేస్తే మరికొన్ని గళ్ళు గీస్తాను.