వృక్షాదనియా, వృక్షరుహయా?

మామిడికొమ్మపై బదనిక కనబడినచో గీకివేయుట మన యలవాటు. గాలివానకు విరిగిన కొమ్మపై వాడియున్న మొక్కను నేనును పాఱవేయబోతిని. దాని తెల్లనివేళ్లు బెరడు నంటియున్నవే గాని లోనికి చొరలేదు.

అమరకోశమున వందా, వృక్షాదని, వృక్షరుహ పర్యాయములు. మొదటిదానిని 1795లో అచ్చయిన విలియం జోన్సు వ్యాసము ఇట్టి మొక్కకు పేరుగా నిలిపినది. ఆ యేటనే, సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గు కోరమండల తీరపు మొక్కల గ్రంథమున గళ్లపూవుల వందా చిత్రము వెలువడెను.

కుళ్లినవేళ్లు కోసి, మన్నుపెట్టక, కొబ్బరిపీచుతో మామిడిబోదెకు కట్టి, ప్రతిదినము ఉదయమున నీరు చల్లితిని. తడిసినవేళ్లు పచ్చబడెను. రెండవ వేసవిని గోధుమవన్నె గళ్లపూవులు పూచెను; ఆ చిత్రముతో పోల్చి గుర్తించితిని.

ఇది చెట్టును తిను వృక్షాదని కాదు. చెట్టుపై నిలిచి గాలినీటితో బ్రదుకు వృక్షరుహ. బెరడులోనికి చొచ్చి రసము పీల్చు బదనికనే కోయుడు, దీనిని బ్రదుకనిండు.