తాడు ఎవరి చేతిలో ఉంది?

కోలారు బంగారు గనుల్లో మనిషి ప్రాణం తాడు మీద ఆధారపడి ఉండేది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ రంగంలోకి దిగింది మొదలు, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడేదాకా గనులు నడిచాయి, వాటి లోతూ పెరుగుతూ వచ్చింది. ఛాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లు దాటింది. బోనులాంటి కేజ్‌లో దిగేవాళ్ల తాడును నడిపేది పైన వైండింగ్ యంత్రం దగ్గరున్న మనిషి. కిందివాళ్లకు గంట కొట్టి సైగ చేయడం ఒక్కటే దారి. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమల నుంచి వచ్చిన తెలుగు, తమిళ కుటుంబాలు రాతికి రంధ్రాలు వేసి, ఖనిజం నింపిన తొట్లు తోసి బతికాయి. ఆ పనుల్లో ముందు అరిగేది నడుమే. అందుకే నడుము సాగదీసే పరికరాల చరిత్రలో నేను మొదట వెతికేది తాడు ఎవరి చేతిలో ఉందన్న సంగతి.

చాలా శతాబ్దాలపాటు అది రోగి చేతిలో లేదు. హిప్పోక్రటిస్ పేరిట వచ్చిన గ్రీకు వైద్య గ్రంథంలో గూని సరిచేసే బల్ల ఉంది. రోగిని బోర్లా పడుకోబెట్టి, చంకల దగ్గర, తుంటి దగ్గర పట్టీలు కట్టి రెండు వైపులా లాగేవారు. ఆ సమయంలో వైద్యుడు గూని మీద చేత్తో నొక్కేవాడు, అవసరమైతే దాని మీద కూర్చునేవాడు కూడా. నిచ్చెనకు తలకిందులుగా కట్టి కుదిపే పద్ధతినీ ఆ గ్రంథం వివరిస్తుంది. జనాన్ని నోరు వెళ్లబెట్టించడానికే కొందరు వైద్యులు ఆ పని చేస్తారని మందలిస్తుంది కూడా. మన సుశ్రుతుడు విరిగిన ఎముకకు ఆంఛనం, పీడనం, సంక్షేపం, బంధనం అని నాలుగు పనులు చెప్పాడు. వాటిలో మొదటిది లాగడమే. వెన్ను, కటి విరిగినవారిని పలక మీద పడుకోబెట్టి, గూటాలు పాతి కదలకుండా కట్టే కపాటశయనం కూడా ఆయన చెప్పిందే. 1465లో అమాస్యాలో తురుష్క వైద్యుడు షెరెఫెద్దీన్ సబుంజువోలు తన శస్త్రచికిత్స గ్రంథంలో ఇలాంటి బల్లలను బొమ్మలతో సహా చూపించాడు.

తాడు మొదటిసారి రోగి చేతికి వచ్చిన సందర్భాల్లో ఒకటి న్యూయార్క్‌లో కనిపిస్తుంది. అక్కడి వైద్యుడు లూయిస్ సేయర్ 1877లో అచ్చువేసిన పుస్తకంలో మూడుకాళ్ల స్టాండు, గిలక ఉన్నాయి. గడ్డం కింద, చంకల కింద పట్టీలు తొడుక్కున్న రోగి తాడు పట్టుకుని తనను తానే పైకి లాగుకోవచ్చు. నొప్పి ఎక్కడ ఆరంభమవుతుందో తెలిసేది వాళ్లకే గనుక, ఎంత లాగాలో కూడా వాళ్లకే తెలుస్తుంది.

ఆసుపత్రులు మాత్రం ఆ దారిన వెళ్లలేదు. డిస్కు జారి నరాన్ని నొక్కడం కాలులోకి పాకే నొప్పికి కారణం కాగలదని 1934లో వైద్యులు మిక్స్‌టర్, బార్ చూపించాక, ఆ డిస్కు మీద ఒత్తిడి తగ్గించాలన్న ఆలోచన బలపడింది. తుంటికి బెల్టు, మంచం కాళ్ల దగ్గర గిలక, దానికి వేలాడే బరువులు వచ్చాయి. మన ఊళ్లలో దాన్నే ‘బరువులు కట్టడం’ అంటారు. రోగి వారాల తరబడి కదలకుండా పడుకునేవాడు. 1960లలో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ బతికున్న మనుషుల డిస్కుల్లోకి సూది దింపి ఒత్తిడి కొలిచాడు. పడుకుంటే తక్కువ, నిలబడితే ఎక్కువ, వంగి బరువు ఎత్తితే మరీ ఎక్కువ అని తేలింది. గనిలో తొట్టి తోసినవాడికి ఈ లెక్క ఒంటికే తెలుసు. అదే దేశంలో గెర్ట్రూడ్ లిండ్ 1974లో ‘ఆటోట్రాక్షన్’, అంటే రోగే తనను తాను లాగుకునే చికిత్స, ప్రకటించింది. ఆమె బల్ల రెండు భాగాలుగా వంగుతుంది, తిరుగుతుంది. నడుము కింది భాగానికి కట్టివేస్తారు. తలవైపు కడ్డీ పట్టుకుని లాగేది రోగే, ఆపేదీ రోగే.

అప్పటికే మన దేశంలో, ఇంతకంటే చాలా చౌకగా, ఆ పని జరుగుతోంది. చేసినవాడు కోలారు జిల్లావాడు. యోగ గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ 1918 డిసెంబరు 14న, విషజ్వరాలు ఊళ్లను ఊడుస్తున్న ఏడాది, నరసాపుర దగ్గరి బెళ్లూరులో పుట్టాడు. ఆయన పేరులోని ‘బి’ ఆ ఊరే. క్షయ, మలేరియా, టైఫాయిడ్‌లతో చిక్కిపోయిన కుర్రాడు మైసూరులో బావ కృష్ణమాచార్య దగ్గర ఆసనాలు నేర్చి, 1937లో యోగా నేర్పడానికి పుణే చేరాడు. అక్కడ నేర్చుకోవడానికి వచ్చినవారిలో వంగలేనివాళ్లు, నడుము పట్టేసినవాళ్లు ఎందరో. వాళ్ల కోసం ఇటుకలు, బెల్టులు, కుర్చీలు, వంపు బల్లలు, గోడ కొక్కేలకు తాళ్లు వచ్చాయి. తాడును తొడల మొదట్లో మెత్తటి దుప్పటి మీదుగా వేసుకుని ముందుకు వంగితే, మొండెం బరువే వెన్నుపూసల మధ్య సందు పెంచుతుంది. గోడకు ఒక అడుగు దగ్గరికి జరిగితే లాగుడు తగ్గుతుంది, దూరం జరిగితే పెరుగుతుంది. మోటారు లేదు, బరువుల రాళ్లు లేవు. చేతులు నేలకు ఆనించిన క్షణమే చాలా భారం దిగిపోతుంది. ఇంత సున్నితమైన నియంత్రణ ఆసుపత్రి గిలకకు ఎప్పుడూ లేదని నా గట్టి నమ్మకం. 1979లో స్కూటర్ ప్రమాదంలో తానే దెబ్బతిన్నప్పుడు, ఈ ఆసరాలతోనే ఆయన మళ్లీ ఒక్కో ఆసనమూ తిరిగి సాధించుకున్నాడు.

ఫలితాల మాటకొస్తే, 2013 నాటి కోక్రేన్ సమీక్ష 32 పరీక్షల్ని, 2,762 మందిని పరిశీలించి, నడుము నొప్పికి ఇలా లాగే చికిత్స (ట్రాక్షన్) వల్ల పెద్దగా మేలు లేదని తేల్చింది. 2009లో అమెరికాలో 90 మందితో జరిగిన పరీక్షలో మాత్రం, 24 వారాలు అయ్యంగార్ పద్ధతి సాధన చేసినవారికి నొప్పి, అశక్తత రెండూ తగ్గాయి. ఈ రెండూ ఒకే వస్తువును కొలవలేదు. ఒకచోట ఎక్కువగా పడుకున్న శరీరాన్ని లాగారు, మరోచోట మనిషి నెలల తరబడి కండరాలకు పని నేర్పుకున్నాడు. తాడొక్కటే నయం చేసిందని అనడానికి వీల్లేదు.

అధిక రక్తపోటు, గ్లకోమా ఉన్నవారు తలకిందులుగా వేలాడకూడదు. కాలు బలం తగ్గుతున్నా, తొడల మధ్య స్పర్శ పోయినా, మూత్రం మీద పట్టు తప్పినా, తాడు వదిలేసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.