దొరగారి దొడ్డిలో బడిపిల్లలు

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, చాంప్లెయిన్ సరస్సుకు దగ్గర్లో ఒక గుర్రపుసాల ఉంది. పొడవు 418 అడుగులు. బయట మోకాలిలోతు మంచు పడ్డా లోపలే గుర్రాలను పరుగు తీయించడానికి వీలుగా, నడిమధ్య అంతా ఖాళీగా వదిలి 1891లో కట్టారు.

కట్టించింది డాక్టర్ విలియం సీవార్డ్ వెబ్. వైద్యం చదివి రైల్వే వ్యాపారంలోకి వచ్చినవాడు. భార్య లైలా, రైల్వే కుబేరులైన వాండర్‌బిల్ట్‌ల ఆడపడుచు. 1886లో మొదలుపెట్టి ఆ దంపతులు ఇరుగుపొరుగు కమతాలను ఒక్కొక్కటే కొంటూ 3,800 ఎకరాలు పోగేశారు. పొలమెక్కడ, అడవెక్కడ, బాట ఎటు తిరగాలన్నది న్యూయార్క్ సెంట్రల్ పార్కు రూపకర్త ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్ సలహా. భవనాలకు నమూనాలు గీసింది రాబర్ట్ రాబర్ట్‌సన్. అలా రూపుదిద్దుకున్న ఆ క్షేత్రమే షెల్‌బర్న్ ఫార్మ్స్.

వెబ్ ఆశంతా గుర్రాల మీదే. ఇంగ్లండు హాక్నీ మగగుర్రాలతో స్థానిక ఆడగుర్రాలను దాటిస్తే బండికీ సేద్యానికీ పనికొచ్చే జాతి పుడుతుందని నమ్మాడు. ఇంతలో మోటారు వచ్చి గుర్రం అవసరమే తగ్గించేసింది. ఆశ తీరలేదు, సాల మాత్రం మిగిలింది. ఖాళీ ఇల్లయితే అద్దెకు అడిగేవాళ్లుంటారు. ఇంతింత కొట్టాలను ఎవరడుగుతారు? ఏటా కప్పు బాగుచేయించడమే తలకు మించిన భారం.

సరస్సు ఒడ్డు భూమిని ప్లాట్లు వేసి అమ్ముకుంటే తరతరాలకు సరిపోయేది. వెబ్ మునిమనవలు ఆ దారి పట్టలేదు. 1972లో లాభాపేక్ష లేని సంస్థను నెలకొల్పి, పిల్లలకు నేలనూ పాడినీ పరిచయం చేసే పని మొదలుపెట్టారు. విలియం వెబ్ మనవడు డెరిక్ వెబ్ 1984లో కన్నుమూస్తూ పొలాన్ని ఆ సంస్థకే రాసిచ్చాడు. ఇప్పుడు సంస్థ చేతిలో ఉన్నది సుమారు 1,400 ఎకరాలు.

మన మండువా లోగిలిలా నడుమ పెద్ద వాకిలి వదిలి కట్టిన ఫార్మ్ బార్న్ అనే మరో కట్టడంలో ఒకప్పుడు పనిజంతువులు, ధాన్యం, వడ్రంగి పనిముట్లు ఉండేవి. ఇప్పుడు ఆ వాకిట్లో బడిపిల్లలు మేకలను నిమురుతుంటారు. పక్క గదుల్లో బ్రౌన్ స్విస్ ఆవుల పాలతో చెడ్డార్ చీజ్ తయారవుతుంది. వెబ్‌ల బంగళా 1987 నుంచి అతిథి గృహం. చేయి దాటిపోయిన గుర్రపుసాలను 1994లో తిరిగి సంపాదించి మరమ్మతులకు పూనుకున్నారు. 2001లో ఈ క్షేత్రమంతటికీ జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు దక్కింది.

అయినా ఇక్కడ పాడి ఆగలేదు, గడ్డి కోత ఆగలేదు. రైల్వే సొమ్ముతో లేచిన ఆ కప్పులను నిలబెట్టడానికి ఇప్పుడు దాతల విరాళాలతో పాటు గదుల అద్దె, చీజ్ అమ్మిన డబ్బు తోడవుతున్నాయి.