ఎనిమిది మైకులు, రెండు బిందెలు

రాత్రి ఎనిమిదైంది. గాలి మైకుల్లో పడుతుందని ఫ్యాను కట్టేశారు. చొక్కా మీ వీపుకు అంటుకుపోయింది. ఎదురుగా బుర్రకథ దళం. మధ్యలో తంబురా భుజాన వేసుకున్న కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. గొంతులకు మూడు మైకులు, గుమ్మెటలకు రెండు, తంబురాకు ఒకటి, గది ప్రతిధ్వనికి రెండు.

"కానిద్దామా బాబూ? పదిన్నరకు బస్సుంది" అంటాడు పెద్దాయన.

"ఒక్క నిమిషమండీ" అంటారు మీరు. ఒక్క నిమిషంలో అయ్యేది కాదని మీకు తెలుసు.

పాత డెస్క్‌టాప్. లోపల ఐస్1712 చిప్పున్న పీసీఐ కార్డు, పైన లినక్స్. టెర్మినల్‌లో 'ఎరికార్డ్ -ఎల్' కొడతారు. కార్డు కనిపించింది, అమ్మయ్య. నేరుగా దాన్నే 8 ఛానెళ్లు అడుగుతారు. కుదరదంటుంది. పోనీ 2? అదీ కుదరదట! అప్పుడు గుర్తొస్తుంది. కొత్తిమీర కట్ట విప్పి అమ్మని కూరగాయలావిడ లాంటిది ఈ చిప్పు. అనలాగ్ ఇన్‌పుట్లు 8, డిజిటల్‌వి 2, సొంత మిక్సర్‌వి 2. పన్నెండూ కలిపే ఇస్తుంది, అదీ 32 బిట్లలోనే. 12 అని కొడతారు. ఒప్పుకుంది.

కార్డు నుంచి శబ్దాన్ని ప్రోగ్రాములకు అందించే జాక్ సర్వర్ మొదలుపెడతారు. కార్డు ఖాళీగా లేదట. సినిమా పాటలు వినిపించే పల్స్‌ఆడియో దాన్ని పట్టుకుని కూర్చుంది. దాని సెట్టింగుల్లో ఈ కార్డును ఆఫ్ చేస్తారు. వదిలింది.

ఇక బఫర్. 48,000 హెర్ట్జ్, 2 పీరియడ్లు, ఒక్కోదానికి 64 ఫ్రేములు. ఆలస్యం 2.67 మిల్లీసెకన్లని చూపిస్తుంది. కాస్త గర్వంగా కూడా ఉంటుంది. రికార్డింగ్ ప్రోగ్రాం ఆర్డోర్‌లో ఎర్ర బటన్ నొక్కుతారు.

"కానివ్వండి."

తంబురా మోగింది. మీటర్లు లేచాయి. గుమ్మెట అందుకుంది. తెర మూల ఎక్స్‌రన్ అంకె మారింది. 1. హెడ్‌ఫోన్లో 'టప్'. 4. ఆపాలా? కథ ఊపులో ఉంది. 9. టప్. టప్. 23.

"ఆపండి!"

గది మూగబోయింది.

ఏమైనట్టు? కుళాయి కింద రెండు బిందెలనుకోండి. ఒకటి నిండుతుంటే రెండోది మీరు వంపి రావాలి. 64 ఫ్రేములంటే బిందె కూడా కాదు, చెంబు. 1.33 మిల్లీసెకన్లలో నిండిపోతుంది. కంప్యూటర్ ఆ క్షణానికి రాకపోతే నీళ్లు నేలపాలు. ఆ నీళ్లే మీ 'టప్', తెర మూల లెక్కపడే ఎక్స్‌రన్.

కంప్యూటర్ వేళకు రావాలంటే ముందు అనుమతులుండాలి. ఆడియో గ్రూపులో మీ పేరుందా? ఉంది. రియల్‌టైమ్ ప్రాధాన్యం 95, మెమరీ లాక్‌కు హద్దు లేదు. నిన్ననే రాసి, లాగౌటయి వచ్చారు. వైఫై ఆపుతారు. మళ్లీ 64. మళ్లీ టప్.

పెద్దాయన గడియారం చూసుకుంటున్నాడు.

మీరు తలెత్తి ఆ ముగ్గురినీ చూస్తారు. ఒక్కరి చెవులకూ హెడ్‌ఫోన్లు లేవు. ఎవరి గొంతూ వాళ్లకు కంప్యూటర్ గుండా వినపడనక్కర్లేదు. మరి ఈ 64 ఎవరి కోసం? మీ గొప్ప కోసం. 1024 చేస్తారు. ఆలస్యం 42.7 మిల్లీసెకన్లు. ఉండనీ.

"ఈసారి మధ్యలో ఆపవు కదా బాబూ?"

ఎర్ర బటన్. తంబురా. గుమ్మెట. 0. మీరు ఊపిరి బిగబట్టి ఉన్నారు. దరువు రెట్టించింది. 0. పావుగంట. 0. ఎడమ వైపు వంత, గుమ్మెట మీద చెయ్యి ఆపకుండానే, గడ్డంతో ఫ్యాను వైపు చూపిస్తున్నాడు. మీరు తల అడ్డంగా ఊపుతారు.