తుఫాన్లు మారుతున్నాయా? సత్తెనపల్లి పత్తి, మిర్చి రైతుకు ముప్పెంత?

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినబడితే చాలు.. సత్తెనపల్లి ప్రాంత పత్తి, మిర్చి రైతులకు కంటి మీద కునుకుండదు. భూమి వేడెక్కే కొద్దీ తుఫాన్లు కూడా పెరుగుతున్నాయా?

సంఖ్య పెరుగుతోందని చెప్పలేం. మారుతోంది తీవ్రత. గత 40 ఏళ్లలో ప్రపంచవ్యాప్తంగా బలమైన తుఫాన్ల వాటా పెరిగి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితికి చెందిన ఐపీసీసీ 2021 నివేదిక చెబుతోంది. కారణం? సముద్రపు వేడే తుఫానుకు ఇంధనం. పైగా గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. అంటే కురిస్తే కుండపోతే!

1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన దాదాపు 10 వేల మందిని మింగేసింది. ఇప్పుడు ముందస్తు హెచ్చరికలతో ప్రాణనష్టం బాగా తగ్గింది. పంటకు మాత్రం ఆ రక్షణ లేదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. అది పత్తి తీతలు, మిర్చి పూత, కాయ మీదుండే సమయం. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే మిర్చి వేరు కుళ్లుతుంది. తడిసిన పత్తి రంగు మారి ధర పడిపోతుంది.

అందుకే హెచ్చరిక రాగానే విచ్చిన పత్తి తీసి ఇంటికి చేర్చుకోవాలి. చేలో నీళ్లు బయటకు పోయేలా కాలువలు తీసుకోవాలి.