పటములు గీయు తెరమీద పనిముట్ల చోటు

డ్రాయింగు ఆఫీసులో చిరకాలము పనిచేసిన వారి బల్లను చూచినచో ఒక సంగతి తేటపడును. కాగితము బల్ల నడుమ నాలుగు మూలల బిగించి యుండును. మూలమట్టములు, వృత్తలేఖిని, పెన్సిళ్లు, రబ్బరు ప్రక్కన ఉండును. కావలసినది చేతికి వచ్చును. పని తీరగానే యథాస్థానమునకు పోవును. పని తీరిన పనిముట్టు గీతల మీదనే పడియుండుట మంచి పనివాని బల్ల లక్షణము కాదు.

కంప్యూటరు తెర వచ్చిన పిమ్మట ఈ ఏర్పాటు తారుమారైనది. తెరకు “ప్రక్క” అనునది లేదు. గీయవలసిన పటమును, గీయు పనిముట్లును ఒకే గాజుపలకమీద ఇమడవలెను. పనిముట్టు ఆక్రమించిన ప్రతి అంగుళమును పటము కోల్పోయినదే. ఆ అంగుళముల కొరకు జరిగిన పెనుగులాటకు అరువది ఏండ్లకు మించిన చరిత్ర కలదు. బయటివారు వ్రాసి చేర్చు అనుబంధ ప్రోగ్రాములు, అనగా ప్లగిన్లు, తమ పనిముట్ల పలకలను ఎప్పుడు చూపవలెను, ఎప్పుడు దాచవలెను అనునది అందులో ఇటీవలి ఘట్టము. మేము ముఖ్యముగా దానిని గూర్చియే చెప్పదలచితిమి. కాని మొదటినుండి రానిదే అది బోధపడదు.

1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునకు ఇవాన్ సదర్లాండ్ సమర్పించిన పరిశోధన గ్రంథము “స్కెచ్‌పాడ్”ను గూర్చినది. లింకన్ ప్రయోగశాలలోని టి.ఎక్స్-2 అను కంప్యూటరు తెరమీద, కాంతికలముతో గీతలు గీయు పద్ధతి అది. ఆ తెర ఏడంగుళముల చదరము మాత్రమే. అయినను చోటు చాలలేదన్న చిక్కు పనిముట్లవలన రాలేదు. ఏలయన, గీయుము, కదుపుము, చెరుపుము అను ఆజ్ఞలకు వేరుగ ఒక మీటల పెట్టె యుండెను. మన రేడియో సెట్టులో మీటలు పెట్టెకు ఉండును గాని, పాటలో చోటు అడుగవు గదా! అట్టిదే ఈ ఏర్పాటు. అంతేకాదు. ఈ గీత ఆ గీతకు సమాంతరము, ఈ రెండును సమానము అను నిబంధనల గుర్తులు తెరమీద క్రిక్కిరిసి పటమును మరుగుపరచుచుండగా, వాటిని చూపుటకును దాచుటకును సదర్లాండ్ స్విచ్చులను ఏర్పరచెను. చూపుట, దాచుట అనునది గీయువాని చేతిలో ఉండవలెనన్న తలంపు ఈ విద్య పుట్టిననాడే పుట్టినదని మా అభిప్రాయము.

1982లో కాలిఫోర్నియాలో జాన్ వాకర్ ప్రభృతులు ఆటోడెస్క్ సంస్థను స్థాపించిరి. మైక్ రిడిల్ వ్రాసిన ప్రోగ్రాము ఆధారముగా రూపొందిన ఆటోకాడ్ ఆ సంవత్సరమే వెలువడెను. చిన్న కంప్యూటరు మీద పనిచేయుటయే దాని ఘనత. కాని చిన్న కంప్యూటరుకు సదర్లాండ్ మీటల పెట్టె లేదు. కావున ఆజ్ఞల పట్టిక తెర కుడివైపున ఒక నిలువు పట్టీగా కూర్చుండెను. అడుగున ఆజ్ఞలు టైపు చేయు వరుసలు. మిగిలినదే పటము. ఈ ఇరుకును సహింపలేనివారు రెండు ఉపాయములు పన్నిరి. కొందరు రెండు తెరలు పెట్టుకొనిరి: ఒకటి అక్షరములకు, ఒకటి గీతలకు. మరికొందరు బల్లమీద ఎలక్ట్రానిక్ పలక నుంచి, దానిమీద ఆజ్ఞల గడులు అచ్చువేసిన అట్టను పరచుకొనిరి. పనిముట్లు మరల ప్రక్కకు పోయినవన్నమాట. 1987లో వచ్చిన తొమ్మిదవ ప్రతిలో, బాణపు గుర్తును పై అంచునకు తాకించినప్పుడే కనిపించు మెనూ వచ్చెను. పిలిచిననే వచ్చుట, పని తీరగానే పోవుట దాని మర్యాద.

ఇంతలో మరియొక ద్వారము తెరువబడెను. 1986 నాటికి ఆటోలిస్ప్ అను భాష ద్వారా ఎవరైనను ఆటోకాడ్‌కు క్రొత్త ఆజ్ఞలు నేర్పగలిగిరి. భవనముల వారు తలుపుల పట్టికలకు, రోడ్ల వారు మలుపుల లెక్కలకు సొంత ప్రోగ్రాములు వ్రాసికొనిరి. ఆజ్ఞగా ఉన్నంతకాలము అతిథి వలన ఇబ్బంది లేదు. పేరు టైపు చేసిననే పలుకును. 2003లో వెలువడిన “2004” ప్రతిలో పనిముట్ల పలకలు వచ్చెను. వాటిని తెర అంచుకు అంటింపవచ్చును, తేలవిడువవచ్చును, వాడనప్పుడు ముడుచుకొనునట్లు చేయవచ్చును. కొలదికాలములోనే డాట్‌నెట్ పద్ధతిలో బయటి ప్రోగ్రాములకును అట్టి పలకలను నిర్మించు వీలు కలిగెను. ఆ సాధనము పేరు ప్యాలెట్‌సెట్. అతిథికి ఇంటిలో సొంత గది దొరికినది. పేచీయు అచ్చటనే మొదలైనది.

చూచుటకు ఇది సులువు. ప్యాలెట్‌సెట్‌కు “విజిబుల్” అను గుణము కలదు. ఔననిన పలక కనబడును, కాదనిన మాయమగును. పలక మూలనున్న గుణకారపు గుర్తును నొక్కినచో పలక నశించదు, దాగును. కనుకనే తెలిసినవారు పలకను ఒక్కమారే నిర్మించి, ఆజ్ఞ వచ్చినప్పుడెల్ల దానినే మరల చూపుదురు. తెలియనివారు ఆజ్ఞకొక క్రొత్త పలకను పుట్టించి, ఒకే పేరుగల పలకలను తెరమీద పోగుచేయుదురు.

జ్ఞాపకము సంగతి ఇంకను ముఖ్యమైనది. పలకకు ఒక శాశ్వతమైన గుర్తింపు సంఖ్య నిచ్చినచో, అది ఎచ్చట నుండెను, ఎంత వెడల్పున నుండెను అనునది ఆటోకాడ్ జ్ఞాపకముంచుకొనును. ప్రతిమారు క్రొత్త సంఖ్య నిచ్చు ప్రోగ్రాము, డ్రాఫ్ట్స్‌మన్ నిన్న సర్దుకొన్న చోటును నేడు మరచును. అంతకన్న ఘోరమేమనగా, ఆటోకాడ్ తెరచిన తోడనే తమ పలకను నిర్బంధముగా చూపుట. సాయంకాలము మూసినది ఉదయము ఎదురుగ నిలుచును, మరల మూయవలెను. దీనికి మందు ఆ సాధనములోనే కలదు. పలకను నిర్మించునప్పుడు ఒక ఆజ్ఞ పేరునుగూడ తెలిపినచో, ముగించునాటికి పలక తెరచియున్నప్పుడే మరునాడు ఆటోకాడ్ ఆ ఆజ్ఞను నడపును. నిన్నటి నిర్ణయము గీయువానిది. దానిని మార్చుటకు ప్రోగ్రాము వ్రాసినవానికి హక్కు లేదని మా దృఢమైన అభిప్రాయము.

ఇంకొక చిక్కు పైకి కనబడదు. “2000” ప్రతినుండి ఒకేసారి పలు డ్రాయింగులను తెరచి ఉంచవచ్చును. పలక మాత్రము అన్నిటికిని ఒక్కటే. మొదటి భవనపు తలుపుల పట్టిక పలకమీద నిలిచియుండగా, గీయువాడు రెండవ భవనమునకు మారినాడనుకొనుడు. పలక మారకున్నచో, ఒక ఇంటి కొలతలు మరియొక ఇంటికి ఎక్కును. ఆ పొరపాటు వడ్రంగి బల్లదగ్గర గాని బయటపడదు. కావున డ్రాయింగు మారినప్పుడు పలకలోని విషయమును మార్చవలెను, లేదా పలకను దాచవలెను. ఇచ్చట రెండు దాపరికములను వేరుచేయుట అవసరము: డ్రాయింగు లేనందున ప్రోగ్రాము దాచినది ఒకటి, అక్కరలేక మనిషి మూసినది వేరొకటి. డ్రాయింగు తిరిగి తెరచినప్పుడు మొదటిది రావలెను, రెండవది రారాదు. “విజిబుల్” అను గుణము రెండింటికిని ఒకే సమాధానము చెప్పును. మూసినది ఎవరో ప్రోగ్రాము వేరుగ గుర్తుంచుకొనవలెను. పెక్కు ప్లగిన్లు తప్పటడుగు వేయునది ఈ చిన్న జ్ఞాపకము దగ్గరనే.

ఇన్ని పలకల నడుమ పటమే కానరాదని విసిగినవారికి ఆటోకాడ్ ఒక ఉపాయమును సమకూర్చినది. కంట్రోల్ మీటను పట్టి సున్నాను నొక్కినచో పలకలు తొలగి, పటమును, ఆజ్ఞలు వ్రాయు వరుసయు మిగులును. మరల నొక్కినచో, ముందు తెరచియున్నవి ఏవో అవియే తిరిగి వచ్చును.