పిలక నుంచి గాజుసీసా దాకా: అల్ ఐన్ ఖర్జూర విద్య

అబుదాబికి తూర్పున సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, ఒమాన్‌లోని బురైమీని ఆనుకొని ఉన్న అల్ ఐన్‌కు ఆ పేరు ఊటను బట్టి వచ్చింది. ఆ ఊరి చరిత్ర నీటితోనూ ఖర్జూరంతోనూ ముడిపడినది. కొండ అడుగున తల్లిబావి తవ్వి, అందులో ఊరిన నీటిని అతి స్వల్పమైన వాలుతో సాగే సొరంగం గుండా మైళ్ల దూరంలోని తోటలకు చేర్చే కాలువను అక్కడ ఫలజ్ అంటారు. హిలీ ప్రాంతపు తవ్వకాల్లో బయటపడిన ఫలజ్‌లు సుమారు 3,000 ఏళ్ల నాటివని తేలడంతో, ఈ విద్య పర్షియా నుంచే అరేబియాకు వచ్చిందన్న పాత వాదాన్ని వాలిద్ యాసిన్ అల్ తిక్రీతి వంటి పరిశోధకులు ప్రశ్నించారు. పుట్టుక ఎక్కడిదైనా, దానిని నిలిపినది తవ్వకపు నేర్పు ఒక్కటే కాదు. పగలు నీడను, రాత్రి నక్షత్రాలను చూసి ఎవరి వంతు నీరు వారికి విడిచే అరీఫ్ అనే పెద్దమనిషి పంపకం కూడా అంతే ముఖ్యం. తెలంగాణ చెరువుల కింద నీరటికి ఉన్న పాత్రే అక్కడ అతనిది. 1946 నుంచి 1966 వరకు అల్ ఐన్ పాలకప్రతినిధిగా ఉన్న షేక్ జాయెద్ పూడిన ఫలజ్‌లను బాగు చేయించారు.

నీటి తరువాత అసలు చిక్కు మొక్కది. ఖర్జూరాన్ని గింజ నాటి పెంచితే దాదాపు సగం చెట్లు కాయని మగచెట్లే అవుతాయి, మిగిలినవాటిలోనూ తల్లి గుణం నిలవదు. అందుచేత ఖలాస్ వంటి మేలురకాన్ని నిలుపుకోవడానికి తల్లిచెట్టు మొదలు దగ్గర పుట్టే పిలకను వేరుచేసి నాటడమే దారి. అయితే ఒక చెట్టు జీవితకాలంలో ఇచ్చే పిలకలు సాధారణంగా 20, 30కి మించవు, అవీ చాలావరకు తొలి పది పదిహేనేళ్లలోనే పుడతాయి. ఇక 1985లో ఎమిరేట్స్‌లో ఎర్రముక్కు పురుగు కనిపించిన తరువాత, కాండంలో దాగిన గుడ్లతో, లద్దెపురుగులతో ఊరూరూ తిరిగే పిలకే తెగులును మోసుకుపోయే వాహనమైంది. కొబ్బరి పెంచే కోనసీమ రైతుకు ఈ పురుగును పరిచయం చేయనక్కరలేదు.

ఈ అవసరమే విశ్వవిద్యాలయాన్ని నర్సరీ వ్యాపారంలోకి దింపింది. 1976లో అల్ ఐన్‌లో స్థాపించిన యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ విశ్వవిద్యాలయం, 1989లో ఖర్జూర పరిశోధన, అభివృద్ధి విభాగాన్ని నెలకొల్పి, కణజాల వర్ధనం ద్వారా, అంటే పిలక మొవ్వులోని లేత కణజాలాన్ని క్రిమిరహితమైన గాజుసీసాలో పోషకద్రవ్యాలపై పెంచి దాని నుంచి అనేక మొక్కలను పుట్టించే పద్ధతి ద్వారా, మేలురకాలను పెద్దయెత్తున ఉత్పత్తి చేయసాగింది. అప్పటికే ఇతర దేశాల ప్రయోగశాలలకు పట్టుబడుతున్న ఈ విద్యను స్థానిక రకాలకు అమర్చుకోవడమే ఇక్కడి శాస్త్రజ్ఞుల పని. ఆచార్యులు సొంత కంపెనీలు పెట్టే నేటి ధోరణికి ఇది పూర్వరూపమనడం కొంత అతిశయోక్తి కావచ్చుగాని, పరిశోధనాఫలం రైతు కొనదగిన సరుకుగా బయటికి రావడం మాత్రం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. తెగులు లేని మొక్కలను పుట్టించగలిగే ఈ పద్ధతికి పిలకల లెక్క అడ్డు రాదు, సరిహద్దులు దాటించడం కూడా సులువు. అనంతపురం జిల్లాలో కొందరు రైతులు బర్హీ రకాన్ని సాగు చేస్తున్నది కూడా ఇలాంటి కణజాల మొక్కలతోనే.

అయితే ప్రయోగశాల పాత నమ్మకానికి కొత్త పరీక్ష తెచ్చింది. పిలక కొనేవాడు తల్లిచెట్టును కళ్లారా చూసి, గెల రుచి ఎరిగి కొనేవాడు. సీసామొక్క కొనేవాడికి చూడడానికి తల్లిచెట్టు ఉండదు, సంస్థ పేరు మాత్రమే ఉంటుంది. పైగా కణజాల వర్ధనంలో అప్పుడప్పుడు తలెత్తే వికృతులు, ముఖ్యంగా బర్హీలో కనిపించిన మరుగుజ్జుతనం, పూత సరిగా నిలవకపోవడం వంటివి, నాటిన కొన్నేళ్లకు, చెట్టు పూతకు వచ్చాకగాని చాలాసార్లు బయటపడవు.

మొక్కల విద్య ఇలా మారినా పాత తోటల, నీటి విద్యల విలువ తగ్గలేదు. 2011లో అల్ ఐన్ ఒయాసిస్సులు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కాయి. 2020లో ఫలజ్ తవ్వకం, మరమ్మతు, నీటి పంపకాల జ్ఞానానికి కూడా ఆ సంస్థ గుర్తింపు దక్కింది. 1,47,000కు పైగా ఖర్జూరాలున్న అల్ ఐన్ ఒయాసిస్‌లో నేటికీ ఫలజ్ కాలువల వెంట నీరు పారుతున్నది.